బహదూర్‌పల్లి గాలికి ఏ పటం?

బాలానగరు నుంచి నర్సాపూర్ వెళ్ళే రోడ్డు మీద జీడిమెట్ల ఫ్యాక్టరీలూ, సూరారం దుకాణాలూ దాటగానే బహదూర్‌పల్లి వస్తుంది. హైదరాబాదు చూడవచ్చిన వాళ్ళెవరూ ఈ ఊరు చూపించమని అడగరు. ఇక్కడ కోట లేదు, మీనారులు లేవు, చెప్పుకోదగ్గ శిల్పమూ లేదు. ఉన్నవల్లా బండరాళ్ళ గుట్టలూ, ఒక చెరువూ, వాటి మధ్య ఈ పది పదిహేనేళ్ళలో లేచిన మేడలూను. ఒక పక్క టెక్ మహీంద్రా వారి ఆవరణ, అక్కడే మహీంద్రా విశ్వవిద్యాలయం. అది 2014లో ఇంజనీరింగు కళాశాలగా మొదలై 2020లో విశ్వవిద్యాలయమయింది. ఇటు దూలపల్లి అడవి, అటు గండిమైసమ్మ చౌరస్తా. ఆ చౌరస్తా దాటి ముందుకు పోతే దుండిగల్‌లో వైమానిక దళంవారి అకాడమీ. కుర్రవాళ్ళు విమానం నడపడం నేర్చుకునేది అక్కడే. అంచేత మా ఊరి ఆకాశం ఎప్పుడూ బడిపిల్లల అల్లరితో మోగుతూనే ఉంటుంది.

అయినా ఈ ఊళ్ళో శ్రద్ధగా చూడవలసింది ఒకటుందని నా నమ్మకం. అది కంటికి కనపడదు గనక ఎవరూ దాన్ని గురించి చెప్పరు. అది ఇక్కడి గాలి.

నేను సముద్రపు ఒడ్డున పుట్టినవాణ్ణి. మా ఊరు మచిలీపట్నం దగ్గర పల్లె. అక్కడ ఎండ కాస్త ముదరగానే నేల వేడెక్కుతుంది, నేలమీది గాలి పైకి లేస్తుంది, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి తరలివస్తుంది. నీటి మీద దానికి కొండ అడ్డు లేదు, మేడ అడ్డు లేదు. వచ్చిందంటే సాయంత్రం దాకా ఒకే తీరున వీస్తుంది. చిన్నప్పుడు గాలిపటం ఎగరేసి, దారం కొబ్బరిచెట్టుకి కట్టేసి, అన్నానికి వెళ్ళివచ్చేవాళ్ళం. తిరిగి వచ్చేసరికి పటం పెట్టిన చోటే ఉండేది.

బహదూర్‌పల్లిలో ఆ పని చేసి చూడండి! సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న పీఠభూమి ఇది. బండ ఒకలాగ వేడెక్కుతుంది, చెరువు నీళ్ళు ఒకలాగ, తారు రోడ్డు ఇంకొకలాగ, అడవి మరొకలాగ. వేడెక్కిన చోటల్లా గాలి బుడగలా పైకి లేస్తుంది. దాని బదులు పైనున్న చురుకైన గాలి కిందికి దిగుతుంది. ఇది చాలనట్టు గుట్టలూ, పదంతస్తుల మేడలూ అడ్డం నిలబడి, వచ్చిన గాలిని చీల్చి సుళ్ళు తిప్పుతాయి. ఒక అడ్డు వెనక గాలి ఇలా చెదిరిపోవడం ఆ అడ్డు ఎత్తుకు పదింతల దూరం దాకా, ఒక్కొక్కప్పుడు ఇంకా దూరం దాకా ఉంటుంది. అంటే ముప్ఫై మీటర్ల మేడ వెనక మూడు వందల మీటర్ల మేర గాలికి నిలకడ ఉండదన్నమాట. మా ఇంటి వరండాలో ఆరేసిన పంచె ఒక నిమిషం చచ్చినట్టు వేలాడుతుంది, మరు నిమిషం పక్కింటి వాళ్ళ వరండాలో ఉంటుంది.

దీనికి తెలుగులో చక్కని మాట ఉంది: తెర. గాలి తెరలు తెరలుగా వీస్తోందంటాం. కోస్తాలో నేను ఆ మాట వినేవాణ్ణి గాని, దాని అర్థం బాగా తెలిసింది మాత్రం మేడ్చల్ జిల్లాకు వచ్చిన తర్వాతే. తెరకూ తెరకూ మధ్య గాలి పడిపోతుంది. ఈ పడిపోవడం, లేవడం - ఈ రెండింటిని బట్టే ఇక్కడ పటం ఆకారం ఎంచుకోవాలి.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి పటాల ఆకారాలతో పనేమిటని పాఠకులకు సందేహం కలగవచ్చు. ఆ పని పెట్టినవాడు మా అక్క కొడుకు. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసేవాడు. నిరుడు సెలవు పెట్టి రామేశ్వరం వెళ్ళి, కైట్ సర్ఫింగు అనే ఆట నేర్చుకువచ్చాడు. కాళ్ళ కింద పలక, నడుముకు పటకా, చేతిలో అడ్డకర్ర, ఆ కర్రనుంచి ఇరవై ఇరవైనాలుగు మీటర్ల తాళ్ళు, తాళ్ళ చివర మన గది అంత పటం. గాలి పటాన్ని లాగుతుంది, పటం మనిషిని నీళ్ళమీద లాక్కుపోతుంది. ఆ తర్వాత వాడికి హైదరాబాదు బదిలీ అయింది. మా ఇంట్లో మకాం పెట్టాడు.

"మావయ్యా, వారం వారం రామేశ్వరం పోలేను గదా. ఇక్కడ ఇన్ని చెరువులున్నాయి. సొంత పటం ఒకటి కొనుక్కుంటాను. ఏ ఆకారం కొనాలో తేలడం లేదు" అన్నాడు.

ఖరీదెంతరా అంటే లక్ష రూపాయల పైచిలుకు అన్నాడు. ఆ రాత్రే అక్క ఫోను చేసింది. "ఒరేయ్ తమ్ముడూ! వాడు నీ కళ్ళ ముందున్నాడు. ఎగరేసేది వాడో, వాణ్ణి అదే ఎగరేసుకుపోతుందో నాకు తెలీదు. పూచీ నీది" అని పెట్టేసింది. బావగారు పోయిన తర్వాత అక్కకు వీడొక్కడే. ఇహ నేను ఊరుకోవడం ఎలా కుదురుతుంది?

సంక్రాంతి నెలలో మా చౌరస్తా దగ్గర పతంగుల దుకాణం ఒకటి వెలుస్తుంది. దాని యజమాని డెబ్బై ఏళ్ళ ముసలాయన. వాళ్ళ తాత తండ్రుల నుంచీ ధూల్‌పేటలో పతంగులు కట్టే ఇంటివారు. పాతబస్తీలో గుల్జార్ హౌజు, ధూల్‌పేట - పతంగులకు ఈ పేర్లే పేర్లు. మావాణ్ణి ముందుగా ఆయన దగ్గరికి తీసుకుపోయాను.

మావాడు ఫోనులో తన పటాల బొమ్మలు చూపించాడు. ఆయన వాటివైపు ఒకసారి చూసి, పక్కన పెట్టమన్నాడు.

"పతంగ్ సంగతి మల్ల జూద్దాం గాని సారూ, గాలి జూసిన్రా? గాలి జూడకుంట పతంగ్ కొనుడంటే పిల్లను జూడకుంట లగ్గం జేసుకున్నట్టే" అన్నాడు.

తర్వాత ఒక పతంగి తీసి చేతికిచ్చాడు. మన పతంగికి రెండే పుల్లలు. నిలువు పుల్ల గట్టిది, వెన్నెముక లాంటిది. అడ్డపుల్లను కమాన్ అంటారు, అంటే విల్లు. దాన్ని సన్నగా చీరి, రెండు కొసలూ ఒకేలా వంగేట్టు చెక్కుతారు. పతంగికి ప్రాణం ఆ చెక్కడంలోనే ఉంది. ఆయన కమాన్ రెండు కొసలూ వేళ్ళతో వెనక్కి నొక్కి వదిలాడు.

"గాలి జోరుగ ఒచ్చిందనుకో, ఇది గిట్ల వెనక్కి వంగాలె. వంగితే గాలి పక్కలకెళ్ళి జారిపోతది. వంగని కమాన్ పెడితేనా, కాయితమన్న చినుగుతది, దారమన్న తెగుతది. మొండిగ నిలవడ్డది ఏదీ ఈ గాలికి ఆగదు సారూ."

రెండో సంగతి, కన్నాలు. పటానికి దారం కట్టే ముడుల్ని ఇక్కడివారు కన్నాలంటారు, మా కోస్తాలో సూత్రమంటాం. పైనొక కాలు, కిందొక కాలు. రెండూ కలిసే చోట అసలు దారం కట్టాలి. గాలి జోరుగా ఉన్ననాడు పై కాలు కొంచెం పొట్టి చేస్తారు. పటం తల ముందుకు వాల్చి, గాలికి పలచగా ఎదురవుతుంది, లాగుడు తగ్గుతుంది. గాలి మందంగా ఉన్ననాడు పై కాలు పొడుగు చేస్తే పటం నిటారుగా నిలబడి, ఉన్న కాస్త గాలినీ పట్టుకుంటుంది. పటం గాలికి ఎదురొడ్డే ఈ కోణమే అన్నిటికీ మూలం. లక్ష రూపాయల పటానికైనా, ఇరవై రూపాయల పతంగికైనా సూత్రం ఇదొక్కటే.

ఆ మాట వినగానే మావాడి మొహం వెలిగింది. "మా అడ్డకర్ర చేసేదీ ఇదే మావయ్యా! నేలమీద ముందుగా కట్టుకునే కన్నాల్ని, మేం గాలిలో ఉండగానే మార్చుకుంటాం" అన్నాడు. నాకు అప్పటికి ఆ ఆటలో మొదటి పాఠం బోధపడింది.

గాలితో లెక్క ఎందుకంత జాగ్రత్తగా ఉండాలంటే, దాని తోపుడు వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపయితే తోపుడు నాలుగు రెట్లవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో హాయిగా లాగుతున్న పటాన్ని 30 కిలోమీటర్ల తెర ఒకటి తాకిందనుకోండి. పెరిగింది పది కిలోమీటర్లే, కాని లాగుడు రెండుంపావు రెట్లు. సముద్రం మీద ఈ మార్పు మెల్లగా వస్తుంది, మనిషి సర్దుకుంటాడు. మా ఊళ్ళో కన్నుమూసి తెరిచేలోపల వస్తుంది. చెట్టు పక్కనో, రాతి పక్కనో ఉండగా అలాంటి తెర వస్తే మనిషిని గాలిలోకి లేపి విసిరేస్తుంది. ఈ ఆటలో ప్రాణాలు పోయిన ప్రమాదాలు చాలావరకు ఒడ్డు దగ్గరా, నేల మీదా జరిగినవే.

తెరల గాలిలో నిలిచే పటం కోసం వెతికినవారు మనవాళ్ళే కాదు. 1890ల్లో అమెరికాలో విలియం ఎడ్డీ అనే ఆయన తోక అక్కర్లేని పటం కట్టాడు. అడ్డపుల్లను విల్లులా వంచడమే దాని రహస్యం. రెండు రెక్కలూ వెనక్కి వాలి ఉండడంతో ఒక పక్కకు ఒరిగినా తనంతట తానే సర్దుకునేది. 1894 ఆగస్టులో బోస్టన్ దగ్గర బ్లూ హిల్ వేధశాలవారు అటువంటి పటాలకే ఉష్ణమాపకం కట్టి పైకి పంపి, ఆకాశం వేడి కొలిచారు. ఆస్ట్రేలియాలో లారెన్స్ హార్‌గ్రేవ్ 1893లో పెట్టె ఆకారపు పటం కనిపెట్టి, మరుసటేడు నవంబరులో నాలుగు పెట్టె పటాలు కట్టుకుని తానే పదహారడుగులు పైకి లేచాడు. కాని ఇవేవీ నీళ్ళలో పడితే మళ్ళీ లేచేవి కావు.

ఆ చిక్కు విడదీసినవారు ఫ్రాన్సులో బ్రిటనీ తీరానికి చెందిన అన్నదమ్ములు, బ్రూనో లెగెన్యూ, డొమినిక్ లెగెన్యూ. పుల్లల బదులు సైకిలు ట్యూబులా గాలి కొట్టే గొట్టాలు పెట్టి, నీళ్ళ మీద తేలే పటం చేసి 1984లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. ఇవాళ ఈ ఆటలో వాడే పటాలలో చాలావాటికి ఆ పటమే తాత.

ఇక మావాడు కొనదలచిన ఆకారాల సంగతి. స్థూలంగా నాలుగు రకాలు.

మొదటిది ఇంగ్లీషు 'సి' అక్షరంలా బాగా వంగి ఉండే పటం. తాళ్ళు నాలుగు మూలలకే కట్టి ఉంటాయి, మధ్యలో కన్నాలు లేవు. చేతి కదలికకు వెంటనే జవాబిస్తుంది. గెంతులూ, పల్టీలూ వేసేవారికి ఇదంటే ప్రాణం. కాని అడ్డకర్ర ఎంత దూరం నెట్టినా దాని లాగుడు పూర్తిగా చావదు. సముద్రం మీద నిలకడ గాలికి పుట్టిన జాతి ఇది.

రెండోది విల్లు పటం. 2005 ప్రాంతంలో బ్రూనో లెగెన్యూయే దీన్ని తెచ్చాడు. చదునుగా పరుచుకుని ఉంటుంది, వెనకంచు లోపలికి వంగి ఉంటుంది, ముందంచుకు కన్నాలుంటాయి. కర్ర ముందుకు నెడితే వెనక తాళ్ళు వదులై, పటం ముందంచు కన్నాల మీదే వేలాడుతూ, గాలికి కత్తివాదరలా తిరుగుతుంది. లాగుడు దాదాపు మొత్తం పోతుంది. మన ముసలాయన కమాన్ వంచి చూపించింది సరిగ్గా ఇదే గుణం. చిన్న గాలికీ పెద్ద గాలికీ ఒకే పటం సరిపెట్టుకోవచ్చు. లోపం లేదా అంటే ఉంది. కర్ర బరువుగా ఉంటుంది, ఆకారం మరీ పొడుగైతే గాలి పడిపోయినప్పుడు తడబడుతుంది.

మూడోది డెల్టా. విల్లు పటానికీ 'సి' పటానికీ నడిమి సంతానం. రెక్కలు వెనక్కి వాలి, మొత్తం మీద మూడు మూలల ఆకారం కనిపిస్తుంది. లాగుడు చాలావరకు వదులుతుంది, నీళ్ళలో పడితే సులువుగా లేస్తుంది, కర్ర తేలిక.

నాలుగోది ఫాయిల్. దీనికి గొట్టాలుండవు. పరుపులోని గదుల్లా గుడ్డ గదులుంటాయి, గాలే వాటిలోకి దూరి ఆకారం నిలబెడుతుంది. వేగంలో దీన్ని మించింది లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మార్సేయ్ తీరాన జరిగిన పటాల పందేలలో పరుగెత్తినవి ఇవే. మావాడి మనసంతా దీని మీదే ఉంది.

చదివింది చాలదని, ఒక ఆదివారం పొద్దున చెరువుకు ఎగువన ఉన్న ఖాళీ బీటిలోకి వెళ్ళాం. కరెంటు తీగలకు దూరంగా, రోడ్డుకు దూరంగా చోటు వెతుక్కున్నాం. మా దగ్గర మూడు పటాలున్నాయి: ముసలాయన ఇచ్చిన పతంగి, బజారులో కొన్న చిన్న డెల్టా, మావాడు రామేశ్వరంలో అభ్యాసం చేసిన రెండు తాళ్ళ బుల్లి ఫాయిల్. అది రెండు చదరపు మీటర్లకు మించదు.

తొమ్మిది గంటలకు ఆకు కదలలేదు. రాత్రి చలికి నేలను అంటుకున్న చల్లని గాలి పొర ఇంకా లేవలేదు. పదిన్నరకు బండలు వేడెక్కాయి, మొదటి తెర వచ్చింది. దాన్ని రాకముందే చూడవచ్చు. దూరంగా చెరువు నీళ్ళ మీద నల్లని మరక ఒకటి పాకుతూ వస్తుంది, తర్వాత గట్టు మీద గడ్డి వాలుతుంది, ఆ తర్వాత మన చెవులకు తగులుతుంది. మావాడు గడియారం పట్టి లెక్కవేశాడు. ఒక తెర ఇరవై సెకన్లుంది, మరొకటి నిమిషం. మధ్యలో రెండు నిమిషాలు ఏమీ లేదు. ఒక్కోసారి తెర వచ్చిన దిక్కు కూడా మారింది.

పతంగి తెర తాకగానే రెక్కలు వెనక్కి ముడిచి, వణికి, నిలదొక్కుకుంది. గాలి పడిపోయినప్పుడు దారం కాస్త లాగితే పైకి ఎక్కింది. డెల్టా ఊగినా కిందపడలేదు. ఫాయిల్ సంగతే వేరు. తెరలో నిండుగా ఉబ్బి దర్జాగా పైకి పోయింది. గాలి పడిపోగానే మా నెత్తి దాటి ముందుకు పోయి, గదులు ఖాళీ అయి, తడిగుడ్డలా ముడుచుకుని కిందికి రాసాగింది. నేలకు ఇంకా కొంత ఎత్తుండగానే రెండో తెర వచ్చి టప్పున నింపింది. ఆరడుగుల మనిషి మావాడు, నాలుగడుగులు ముందుకు ఈడ్చుకుపోయి మోకాళ్ళ మీద పడ్డాడు.

వాడు దులుపుకుని లేచి, ఆ బుల్లి పటాన్ని చాలాసేపు చూశాడు. "రెండు మీటర్లది ఇలా లాగింది మావయ్యా. నేను కొందామనుకున్నది పన్నెండు" అన్నాడు. నేనేమీ అనలేదు. ఇలాంటప్పుడు మేనమామలు ఏమీ అనకపోవడమే మంచిది.

ఇంతలో దుండిగల్ వైపు నుంచి విమానం మోత వినిపించింది. పటాలు చెట్టెత్తుకు మించనివ్వలేదు గాని, అయినా దింపేశాం. మన దేశపు 1934 నాటి విమాన చట్టం విమానం అనే మాటకు అర్థం చెబుతూ బెలూన్లతో, గ్లైడర్లతో పాటు గాలిపటాన్ని కూడా ఆ జాబితాలో వేసింది. 2025 జనవరి 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. తొంభై ఏళ్ళపాటు మన పిల్లకాయలంతా చట్టరీత్యా వైమానికులేనని తెలిసి నేను నవ్వుకున్నాను. కాని దుండిగల్ ఒక పక్క, హకీంపేట మరొక పక్క ఉన్న మా ప్రాంతంలో అది నవ్వులాట కాదు. ఇరవైనాలుగు మీటర్ల తాళ్ళతో పెద్ద పటం ఎగరెయ్యడానికి ఇది చోటు కానే కాదు.

మర్నాటి సెలవునాడు షామీర్‌పేట చెరువు చూడబోయాం. నీళ్ళు పుష్కలం, చూపు ఆనేంత విశాలం. కాని ఈ ఆటకు నీళ్ళకన్న ముందు ఒడ్డు కావాలి. పటం పరచడానికి చోటు, గాలి వాలున రాయీ చెట్టూ లేని మేర, పట్టు తప్పితే ఈడ్చుకుపోయినా తగలడానికేమీ లేని నీరు. మేం తిరిగిన చోటల్లా బండలో, చెట్లో, తీగలో కనిపించాయి. పైగా జనవరి గాలికి మనిషిని లాగే సత్తువ ఉండదు. నైరుతి వచ్చిన తర్వాత, జూన్ జులైలలోనే ఇక్కడ పడమటి గాలికి బలం. ఏప్రిల్ మే నెలల్లో వచ్చే ఉరుముల గాలిదుమారమంటారా, అది చూసి పటం విప్పేవాడు ఉండకూడదు.

తెరల గాలి మీద నీటి ఆట ఈ ఊరికి కొత్త కాదు. 1562లో కట్టిన హుస్సేన్ సాగర్ మీద ఏటా వానాకాలంలో తెరచాప పడవల పందేలు జరుగుతాయి. దేశం నలుమూలల నుంచీ పడవవాళ్ళు వస్తారు. చుట్టూ మేడలున్న ఆ చెరువులో గాలి ఇటు తిరిగి అటు తిరిగి పరీక్ష పెడుతుంది. గట్టున నిలబడి చూడండి. తెర తాకిన క్షణంలో మంచి నావికుడు తాడు బిగించడు, వదులుతాడు. చాపలోని గాలి జారిపోతుంది, పడవ నిటారుగా నిలుస్తుంది. వదలనివాడు బోల్తా పడతాడు. అయితే వాడి చాప వాడి నెత్తిన లేదు. పటం ఆటలో బోల్తా పడడమంటే ఆకాశం నుంచి పడడం.

తాళ్ళ గురించి కూడా ఒక మాట చెప్పాలి. లాగుడులో ఉన్న సన్నని తాడు కత్తి. సంక్రాంతికి గాజుపొడి పూసిన నైలాను దారం - చైనా మాంజా అంటారు - ఎన్ని పిట్టల రెక్కలు తెంపుతుందో మా ఊరి చెట్లను చూస్తే తెలుస్తుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దాన్ని దేశమంతటా నిషేధించింది. అయినా 2024 సంక్రాంతికి లంగర్‌హౌజ్ దగ్గర మోటారు సైకిలు మీద పోతున్న ఒక సైనికుడి గొంతు తెగి ప్రాణం పోయింది. ముసలాయన తన దుకాణంలో ఆ దారం పెట్టడు. "అఫా అని అరుసుడు పిల్లగాళ్ళకు సంబురమే సారూ. గాని దారం ఏడ వడ్తదో అరిసినోనికి ఎరుకుండదు" అన్నాడు. పతంగి తెగినప్పుడు హైదరాబాదు పిల్లలు వేసే కేక అది.

చివరికి మావాడు తేల్చుకున్న లెక్క ఇది. ఇది చదివేవారిలో ఎవరి ఇంటనైనా అలాంటి కుర్రవాడుంటే పనికి వస్తుందని రాస్తున్నాను.

తెరల గాలికి లాగుడు చావని 'సి' పటం వద్దు. గాలి పడితే ముడుచుకునే ఫాయిలూ వద్దు. విల్లు పటం గాని, విల్లు గుణం ఎక్కువున్న డెల్టా గాని తీసుకోవాలి. అందులోనూ మరీ పొడుగు రెక్కలది కూడదు. పొడుగు రెక్కల పటం గాలిని బాగా వాడుకుంటుంది గాని, తెరకూ తెరకూ మధ్య ముందుకు దూసుకుపోయి కూలుతుంది. పొట్టి రెక్కలది మందకొడిదే అయినా ఓర్పుగలది. అడ్డంగా ఉండే గాలి గొట్టాలు మూడున్న పటం తేలిక, ఐదున్నది బరువు. తెరల్లో గుడ్డ కొట్టుకోకుండా ఆకారం నిలిపేది ఐదు గొట్టాలదే. కొలత సగటు గాలిని చూసి ఎంచుకోరాదు. ఆనాటి పెద్ద తెరను చూసి ఎంచుకోవాలి. గాలి పడినప్పుడు కొంతసేపు నీళ్ళలో నానితే నష్టం లేదు. అన్నిటికన్న ముందు, ఒక్క తోపుతో పటాన్ని వదిలించే పట్టీ పనిచేస్తుందో లేదో ఒడ్డుమీదే నాలుగుసార్లు నొక్కి చూసుకోవాలి.

పన్నెండు మీటర్ల ఆలోచన మానుకుని, తొమ్మిది మీటర్ల డెల్టా కొన్నాడు. ఐదు గొట్టాలది, పొట్టి రెక్కలది, ఏడాది వాడినది. ధర సగానికి సగం తగ్గింది. దాన్ని మా చెరువు మీద విప్పనని వాళ్ళమ్మకు ఫోనులో మాట ఇచ్చాడు. ఏడాదికి రెండుసార్లు రామేశ్వరం వెళతాడట. మిగతా ఆదివారాలు ముసలాయన దగ్గర కమాన్ చెక్కడం నేర్చుకుంటున్నాడు. ఇప్పటికి పదకొండు పుల్లలు విరిచాడు.

"ఇంతకీ ఏ ఆకారం కొన్నాడురా?" అని అక్క నన్నడిగింది. డెల్టా అంటే ఆవిడకేం తెలుస్తుంది?

"మనవాడు చెయ్యి వదిలితే అది కూడా వాణ్ణి వదిలేస్తుందక్కా" అన్నాను.

కాసేపు ఆలోచించి, "అయితే ఫరవాలేదు" అంది.

సంక్రాంతి రోజుల్లో ఎవరైనా ఇటు వస్తే, పొద్దున పది దాటాక రండి. అంతకుముందు గాలి లేవదు. నూలు దారం తెచ్చుకోండి. పతంగి మాత్రం ఇక్కడే కొనండి. కొనేముందు కమాన్ రెండు కొసలూ మెల్లగా వెనక్కి నొక్కి చూస్తే, ముసలాయన మిమ్మల్ని కూర్చోమని చాయ్ తెప్పిస్తాడు.